లేబుల్ చింపిన సీసాలు

మూడో మందుల షాపులో కూడా అదే దగ్గు వినబడినప్పుడు నాకు భయం మొదలైంది.

కలకత్తాకి కొన్ని గంటల దూరంలోని మా రైల్వే ఊళ్ళో, ప్రేమ్ బజార్‌లో ఆ మూడు షాపులూ కూతవేటు దూరంలోనే ఉంటాయి. మొదటి షాపతను మందు లేదని చెప్పి, నా మొహం చూసి జాలిపడి ఎవరికో ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. అవతల ఒక ముసలి గొంతు రెండుసార్లు దగ్గి లేదంది. రెండో షాపతను కూడా ఫోన్ చేశాడు. అక్కడా ఎవరో దగ్గి లేదన్నారు. వానాకాలం, దగ్గేవాళ్ళకేం కొదవ అనుకుని గొడుగు తీసి మూడో షాపుకు నడిచాను. మూడో అతను నంబరు నొక్కగానే ముందు దగ్గు వచ్చింది, తర్వాత లేదు లేదంటూ బెంగాలీ మాట: "నేయ్ రే భాయ్, నేయ్."

"దాదా, మీరందరూ ఈయన దగ్గరే కొంటారా?" అని హిందీలో అడిగాను.

"ఔర్ కహా సే లేంగే, బౌదీ?" అన్నాడు అతను, ఇంకెక్కడ కొంటాం వదినా అని, నేనేదో చిన్నపిల్ల ప్రశ్న వేసినట్టు నవ్వి. ఈ మందుకు ఊరంతటికీ ఒకడే ఏజెంటు. ఆ ఏజెంటు ఈమధ్య సరుకు నిలవ ఉంచడం మానేశాడు. అడిగినప్పుడు కలకత్తా నుంచి తెప్పిస్తాడు. హౌరా వైపు పట్టాల మీద నీళ్ళు చేరి బళ్ళు ఆగిపోయాయి కాబట్టి కలకత్తా నుంచి ఇప్పుడేదీ రాదు.

ఇన్నాళ్ళూ మూడు షాపులున్నాయి కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఉన్నవి మూడు బోర్డులు. వెనకాల దగ్గే ముసలాయన ఒక్కడే.

ఆ మందు మా అబ్బాయిది. వాడికి నాలుగేళ్ళు. ఫిట్స్ రాకుండా ఉదయం ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి సిరప్ పట్టాలి. ఆ రోజు పొద్దున సీసా బోర్లించి ఆఖరి చుక్కదాకా పట్టేశాను. రాత్రికి లేదు. వెనకటికి ఒకసారి వాంతులై రెండు పూటలు మందు నిలవకపోతే వాడికి వచ్చిన ఫిట్ ఆసుపత్రి గుమ్మం దాకా ఆగలేదు. ఆటోలో నా ఒళ్ళో వాడి పెదాలు నీలంగా మారాయి. నేను ఏ పని చేస్తున్నా ఆ నీలం నా కళ్ళ ముందు ఎక్కడో ఒక మూల ఉంటుంది.

షాపతను మాత్రలున్నాయన్నాడు. వాడు మాత్ర మింగలేడు. అవి నెమ్మదిగా కరిగే రకం, నూరి ఇవ్వకూడదని డాక్టరు ముందే చెప్పాడు. కలకత్తాలో ఆ డాక్టరు దగ్గర పనిచేసే ఆవిడకు ఫోన్ చేశాను. "వేరే కంపెనీదైనా ఫర్వాలేదు, కానీ బలం అంతే ఉండాలి. పట్టే ముందు లేబుల్ ఫొటో తీసి నాకు పంపండి. డోసు మాత్రం తప్పించొద్దు" అంది. వేరే కంపెనీ సిరప్ ఈ ఊళ్ళో ఎవరూ అమ్మరు. ఊళ్ళో మిగతా షాపుల్లోనూ మా సిరప్ అయిపోయిందని షాపతనే ఫోన్లు చేసి కనుక్కుని చెప్పాడు.

మా ఇల్లు తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఝపటాపూర్ పేటలో. మా వీధిలోనే రెండు మందుల షాపులున్నాయి. వాటిని దాటుకుని, ఆటో ఎక్కి, ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గరున్న ప్రేమ్ బజార్‌కి, సైకిళ్ళ మీద తిరిగే స్టూడెంట్ల మధ్యకు నేనెందుకు వెళ్ళానో చెప్పాలి. చెప్పడానికి నాకు సిగ్గులేదు. సిగ్గుపడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

మా వీధి షాపుల ముందు బెంచీల మీద సాయంత్రం పూట తెలుగువాళ్ళు కూర్చుంటారు. రైల్వే ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, గుడి కమిటీవాళ్ళు. ఎవరింటికి ఏ మందు పోతోందో వాళ్ళకి తెలిసిపోతుందని మా అత్తగారి భయం. ఆవిడ తెలుగు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పారు. మెదడు బొమ్మ బోర్డు మీద గీసి, భాగాలు గుర్తించమని మార్కులు వేసిన మనిషి. ఆ మనిషే మనవడి మెదడులో చిన్న తేడా ఉందంటే తలుపులు వేసి గొంతు తగ్గించారు.

"ఈడికి ఫిట్సని తెలిస్తే రేపు గుంటకి సంబంధాలొస్తాయేటి?" అన్నారు. ఆ గుంట, మా అమ్మాయి, రెండో తరగతి. అప్పుడు మంచం మీద కూర్చుని ఊడబోయే పంటిని నాలుకతో కదుపుకుంటోంది.

ఇంట్లో నియమాలు అలా పుట్టాయి. ఇంట్లో ఎప్పుడూ ఒక్క సీసానే ఉండాలి. రెండోది ఉంటే చుట్టాల కంట పడుతుంది. సీసా ఇంటికి రాగానే నీళ్ళలో నానబెట్టి లేబుల్ గీకేయాలి. అట్టపెట్టె ముక్కలు ముక్కలుగా కత్తిరించాలి. అమ్మాయికీ, బడిలోనూ అది బలం సిరప్పు అని చెప్పాలి. లేబుల్ గీకే పని అత్తగారు నాకు వదిలేవారు కాదు, నేను మూలల్లో మిగిల్చేస్తానట. చెంచా కాడతో జిగురు కూడా పోయేదాకా గీకి, సీసాను వెలుగుకి పట్టుకు చూసేవారు. అంత శ్రద్ధగా ఆవిడ ఆ మందు డోసు చూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

నేను బీకాం చదివాను. సరుకు ఏ మట్టానికి దిగితే మళ్ళీ తెప్పించాలో చెప్పే పాఠం మాకు రెండో సంవత్సరంలోనే ఉంది. ఆ పాఠం నాకు వచ్చినా, మా ఆయన ముందు నేనొక అమాయకురాలిని. ఎందుకంటే ఆయన విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీకి సప్లై చైన్ చూసే అధికారి. ఏ సరుకు ఎక్కణ్ణుంచి రావాలి, ఎంత రావాలి, ఎప్పుడు రావాలి అన్నది ఆయన వృత్తి.

ఈ సంగతి జరగడానికి కొన్ని రోజుల ముందే ఆయన ఒక సమావేశంలో మాట్లాడారు. రకరకాల పరిశ్రమలవాళ్ళు వచ్చారు. సిమెంటు వాళ్ళు, ఉక్కు వాళ్ళు, బిస్కెట్ల వాళ్ళు, మందుల వాళ్ళు. అందరి సమస్యా ఒకటేనట: సరుకు సమయానికి రాదు, ఒకచోట దెబ్బ తగిలితే అంతా కూలుతుంది. భోజనాలకు కుటుంబాలను కూడా పిలిచారు. నేను చివరి వరసలో అబ్బాయిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన తెర మీద బాణాలు వేశారు. ఎర్ర బాణాలు, ఆకుపచ్చ బాణాలు. "విజిబిలిటీ" అన్నారు. "మీకు సరుకిచ్చేవాడికి సరుకిచ్చేవాడెవడో మీకు కనబడకపోతే మీకు సప్లయర్ లేనట్టే. దాచిన సమాచారం ఖర్చు. పంచుకున్న సమాచారం బలం" అన్నారు. చప్పట్లు కొట్టారు. బిస్కెట్ల కంపెనీ ఆయన లేచి నిలబడి మరీ కొట్టాడు. నా ఒళ్ళో అబ్బాయి కూడా కొట్టాడు. వాడి మందు సీసా మీద లేబుల్ ఉండకూడదని తల్లితో పాటు నిర్ణయించిన మనిషి, తెర ముందు నిలబడి అందరికీ అన్నీ కనబడాలని చెబుతున్నాడు. ఆయన గొంతులో ఎక్కడా ఒక్క అక్షరం తడబడలేదు. భోజనం బాగుందని తర్వాత ఇంట్లో అన్నారు. అవును, భోజనం బాగుంది.

ప్రేమ్ బజార్ నుంచి ఆటోలో వస్తూ ఆయనకు ఫోన్ చేశాను.

"మందు ఊళ్ళో లేదు. రాత్రికి డోసు లేదు."

"ఇంకో షాపు చూడు."

"ఎన్ని షాపులు చూసినా ఏజెంటు ఒకడే."

"అలాగెలా అవుతుంది? మూడు షాపులున్నప్పుడు రిస్కు మూడుగా విడిపోతాది కదా" అన్నారు. ఇది ఆయన వృత్తి. ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే తెర మీద ఎర్ర బాణం వేసి నవ్వించి ఉండేవారు.

"ఇంటికి రండి" అన్నాను.

వచ్చారు. అప్పటికి చీకటి పడుతోంది, వాన పడుతూనే ఉంది. అబ్బాయి, అమ్మాయి వరండాలో కాగితం పడవలు చేస్తున్నారు. లోపల మేము ముగ్గురం.

కలకత్తా వెళ్ళి తెస్తానన్నారు మా ఆయన. లోకల్ రైళ్ళు లేవు, రోడ్డు మీద ఎన్ని గంటలు పడుతుందో తెలియదు, ఎంత తొందరగా వెళ్ళినా అక్కడ షాపులు మూసేస్తారు. విజయనగరంలో మా అమ్మ కొని బండిలో ఎవరిచేతైనా పంపితే రేపటికి గానీ రాదు. ఆసుపత్రికి తీసుకెళ్ళి విషయం చెబుదాం, వాళ్ళ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది, కనీసం రాత్రంతా కనిపెట్టుకుని ఉంటారు అన్నాను.

అత్తగారు చప్పున తలెత్తారు. "ఆసుపత్రిలో నర్సులు సగంమంది నా దగ్గర సదువుకున్నోళ్ళే."

"మరీ మంచిది కదత్తా."

"మంచిదేటి? తెల్లారేసరికి గుడి దాకా ఎల్లిపోద్ది ఆ మాట."

ఆవిడ బోధించిన పిల్లలు నర్సులయ్యారు. మెదడంటే ఏమిటో ఆవిడ దగ్గరే నేర్చుకుని ఉంటారు. వాళ్ళకి ఈవిడే భయపడుతోంది. అంతకన్నా పెద్ద ప్రోగ్రెస్ కార్డు ఏ టీచరుకు కావాలి?

అప్పుడు నాకు గుడివాళ్ళ వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే అది ఎప్పుడూ ఫోన్‌లో మోగుతూనే ఉంటుంది. మా ఊరి తెలుగువాళ్ళ అసలు సరుకు రవాణా అంతా అందులోనే. "రేపు విశాఖ నుంచి వస్తన్నాను, ఎవరికేటి కావాల" అని ఒకరు పెడతారు. కిందనే వరస. పలాస జీడిపప్పు, మామిడి తాండ్ర, చింతపండు, పిల్లకి జడగంటలు. సామాను కోచ్ నంబరుతో సహా ప్లాట్‌ఫారం మీద చేతులు మారిపోతుంది. ఒకసారి ఒకావిడ ఊరి నుంచి వస్తూ స్టీలు క్యారేజీ బోగీలో మరిచిపోతే, అది హౌరా చేరేలోపే ఏ గార్డు చేతిలో ఉందో గ్రూపులో తెలిసిపోయింది. ఏ కంపెనీకీ అంత గొప్ప ఏర్పాటు లేదు. ఊరగాయల కోసం మా వాళ్ళు కట్టుకున్న ఈ వ్యవస్థలో, మందు పేరు మాత్రం ఏనాడూ ఎవరూ రాయలేదు. జీడిపప్పుకు సిగ్గు లేదు కదా.

"గ్రూపులో పెడతాను" అన్నాను.

"నీకు పిచ్చా?" అన్నారు మా ఆయన. "రెండు వందలమంది ఉన్నారు అందులో."

"అందుకే పెడతాను."

"ప్యానిక్‌లో డెసిషన్ తీసుకోకు. ఒక్క పూట. డాక్టరు కూడా సేఫ్టీ కోసం అలాగే చెబుతారు. ఒక్క డోసుకి ఏమీ అవదు."

"ఆటోలో ఒళ్ళో ఎవరు పెట్టుకున్నారు?" అని అడిగాను. ఆయన ఆ రోజు ఫ్యాక్టరీలో ఉన్నారు. ఆడిట్ ఉంది.

"పోనీ, ఎవరికో కావాలని పెట్టు. మనకని పెట్టకు" అన్నారు అత్తగారు. "తెలిసినోళ్ళ పిల్లడికని రాయి."

అంత ఆపదలోనూ ఆవిడకి అబద్ధం అంత చక్కగా అమరింది. ఒక్క క్షణం నేను కూడా అలాగే రాద్దామనుకున్నాను. కానీ తెలిసినవాళ్ళ పిల్లాడికని రాస్తే వానలో చెప్పులు వేసుకుని ఎవరు బయటికొస్తారు? మందు పేరు, బలం రాశాను. "మా అబ్బాయికి ఫిట్స్ మందు. ఈ రాత్రికి లేదు. మీ ఇంట్లో ఉంటే దయచేసి చెప్పండి" అని రాసి, మా వీధి పేరు పెట్టి పంపేశాను.

మా ఆయన తన ఫోన్‌లో అది చదివారు. నా పక్కనే నిలబడి, నన్ను అడక్కుండా, ఫోన్‌లో చదివారు. "ఏటి చేసినావు నువ్వు" అని కుర్చీలో కూలబడ్డారు. అత్తగారు లేచి వెళ్ళి దేవుడి గది తలుపు వేసుకున్నారు.

గ్రూపులో మొదట చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. తర్వాత మరికొన్ని చేతులు. "దేవుడున్నాడమ్మా" అని ఒకరు. "పసుపు, తేనె కలిపి ఇవ్వండి" అని ఒకరు. "ఉల్లిపాయ వాసన చూపించండి" అని ఇంకొకరు, ఈయన రైల్వే ఆఫీసులో సెక్షన్ హెడ్. చదువుకున్నవాళ్ళు ఇంత ధారాళంగా మాట్లాడతారు తెలియని విషయం మీద. మందు ఉందని మాత్రం గ్రూపులో ఎవరూ రాయలేదు.

కాసేపటికి గేటు చప్పుడైంది. మా వీధి చివర ఇంట్లో ఉండే ఆవిడ. నేను పిన్నీ అంటాను. చేతిలో టిఫిన్ డబ్బా, దాని అంచుదాకా కరివేపాకు. చూసేవాళ్ళకి కరివేపాకు ఇవ్వడానికి వచ్చినట్టుండాలి. వానలో, చీకట్లో, కరివేపాకు.

వంటింట్లోకి వచ్చాక ఆకు పక్కకి తోసి అడుగు నుంచి ఒక సీసా తీసింది. సగం ఉంది.

"మా పెద్దోడిదమ్మా. ఇదే మందనుకుంటాను. ఎవలికీ సెప్పకు."

నేను సీసా అందుకున్నాను. గాజు నున్నగా మెరిసింది. లేబుల్ లేదు. జిగురు కూడా లేదు. మా అత్తగారి కంటే శుభ్రంగా గీకారు.

"పిన్నీ, దీని పేరేటి?"

"పేరు నాకేటి తెలుస్తాది, మాయన తెస్తారు."

"పెట్టె ఉందా?"

"పెట్టెలు కాల్చీస్తాం."

"బాబాయికి ఫోన్ చేసి పేరడుగు పిన్నీ."

"డ్యూటీలో ఉన్నారు. పక్కన మనుషులుంటారు. ఎలాగ సెప్తారు?" అంది. ఒక్క క్షణం ఆగి, సాయపడదామని, "ఎర్రగ ఉంటాది. తియ్యగ ఉంటాది" అంది.

ఎర్రగా, తియ్యగా ఉండే మందులు ఈ దేశంలో ఎన్ని ఉంటాయో. మందు ఉన్న సీసా నా చేతిలో ఉంది. బహుశా అదే మందు. నా కొడుకు రెండు గదుల అవతల పడవలు చేస్తున్నాడు. నేను దాన్ని వాడికి పట్టలేను. కలకత్తా ఆవిడకి ఏం ఫొటో పంపను, ఖాళీ గాజు ఫొటోనా?

అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. చులకన అనే మాటకి అర్థం ఏమిటో అప్పుడు తెలిసింది. ఒక వీధిలో రెండిళ్ళు, రెండిళ్ళలో ఒకే జబ్బు, రెండు వంటిళ్ళలో రెండు చెంచాలతో ఒకే రకంగా లేబుళ్ళు గీకుతున్న చదువుకున్న మనుషులు. దాచి దాచి, అవసరం వచ్చిన రోజున ఆ మందు మందు కాకుండా పోయేంతగా దాచారు. సరుకు లేక కాదు, పేరు చెరిపేయడం వల్ల కరువు. ఇది సిమెంటు వాళ్ళకి చెప్పినా బిస్కెట్ల వాళ్ళకి చెప్పినా నమ్మరు.

పిన్ని సీసా మళ్ళీ కరివేపాకు కింద పెట్టుకుంది. వెళుతూ, "ఈడికి ఎన్నాళ్ళనుంచి?" అని చాలా మెల్లగా అడిగింది. చెప్పాను. "మావోడికి ఏడేళ్ళయ్యింది" అంది. ఆ మాట అన్నాక ఆవిడ భుజాలు కొంచెం కిందకి దిగాయి. నేను ఆవిడని తిట్టుకుంటూనే ఉన్నాను, కానీ గేటు దాకా గొడుగు పట్టాను.

అబ్బాయికి అన్నం పెట్టే వేళయింది. పెట్టాను. ప్రతి ముద్దకీ వాడి పెదాలు చూశాను. మా ఆయన వరండాలో నిలబడి ఎవరితోనో ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు, కలకత్తా నుంచి మర్నాటికి ఏదైనా కొరియర్ దొరుకుతుందా అని. మర్నాటికి ఆయన ఎప్పుడూ సిద్ధమే.

మళ్ళీ గేటు చప్పుడైంది. ఈసారి మా అత్తగారి స్నేహితురాలు. ఇద్దరూ ఒకే బడిలో పక్కపక్క తరగతుల్లో ముప్పై ఏళ్ళు చెప్పారు. ఒకరి కూరలు ఒకరు తిన్నారు. అత్తగారు ఈ ఊళ్ళో అందరికంటే ఎక్కువ దాచింది ఈవిడ దగ్గరే. "దాని నోట్లో నువ్వుగింజ నానదు" అని నాకు వందసార్లు చెప్పారు.

ఆవిడ డబ్బాలూ కరివేపాకూ ఏమీ తేలేదు. చీర కొంగు తడిసిపోయింది. లోపలికి వస్తూనే బ్యాగులోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టారు. తెరవని పెట్టె. దాని మీద అక్షరాలు అలాగే ఉన్నాయి.

"సూసుకో అమ్మా, ఇదేనా?"

పేరు చదివాను. బలం చదివాను. గడువు చదివాను. మూడూ రెండుసార్లు చదివాను. ఫొటో తీసి పంపాను. కలకత్తా ఆవిడ నుంచి వెంటనే జవాబు రాలేదు. దేవుడి గది తలుపు తెరుచుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు.

"ఇదెవలిది?" అన్నారు.

"మా మనవరాలిది" అన్నారు స్నేహితురాలు. "నిన్ననే కొన్నాను. లేబుల్ తియ్యడానికి ఇంకా కుదర్లేదు."

"నీ మనవరాలికా? నాకెప్పుడూ సెప్పలేదేటే?"

"నువ్వు సెప్పినావేటే?"

అత్తగారు పెట్టె వైపు చూస్తూ, "ఎక్కడ కొన్నావు?" అని అడిగారు.

"ప్రేమ్ బజార్‌లో. మన వీధిలో కొంటే నువ్వు సూస్తావని."

నాకు నవ్వొచ్చింది. చాలా చెడ్డ నవ్వు. ప్రేమ్ బజార్‌లో నిన్న ఉన్న ఆఖరి సీసా ఇదే అయి ఉండాలి. ఒకరికొకరు కనబడకూడదని ఇద్దరం ఒకే ఆటోస్టాండులో వేరువేరు రోజుల్లో నిలబడ్డాం. ఒకే దగ్గుల ముసలాయన సరుకుని ఒకరికి తెలియకుండా ఒకరం తోడుకుంటున్నాం. ముందే మాట్లాడుకుని ఉంటే, రెండిళ్ళలో రెండు సీసాలు అదనంగా ఉండేవి, ఏజెంటుకి ఈ వీధిలో ఎంత మందు కావాలో తెలిసేది, వాడు నిలవ ఉంచేవాడు. దీనికి సమావేశం అక్కర్లేదు. బాణాలు అక్కర్లేదు. ఇద్దరు ముసలివాళ్ళు ఒక సాయంత్రం నిజం మాట్లాడుకుంటే చాలు. అది మాత్రం ముప్పై ఏళ్ళలో కుదరలేదు.

ఫోన్ మోగింది. "అదే మందు. అంతే డోసు. పట్టేయండి."

పట్టాను. మందు పట్టే సిరంజిలో గీత దాకా తీసి, వాడి చెంప పక్క నుంచి మెల్లగా పట్టాను. వాడు ఎప్పటిలాగే మొహం వికారంగా పెట్టి మింగాడు.

"మరి మీ పాపకి?" అని అడిగాను స్నేహితురాలిని.

"పాత సీసాలో నాలుగు రోజులకుంది. ఈలోగా బళ్ళు రావా?" అన్నారు. కొంగు పిండుకుని, టీ కూడా తాగకుండా, అత్తగారి వైపు చూడకుండా వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర మాత్రం వెనక్కి తిరగకుండానే అన్నారు: "రేపు వస్తావేటి మాయింటికి?" ఆవిడ గేటు దాటేదాకా అత్తగారు గుమ్మంలోనే నిలబడి చూశారు.

అందరూ వెళ్ళాక మా ఆయన నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. మొహం తేటపడింది. మెచ్చుకోలుగా తల ఊపి అన్నారు: "చూసినావా, నెట్‌వర్క్‌లో దాగున్న స్టాకు బయటికొచ్చింది. ఇది మంచి కేస్ స్టడీ. వచ్చే మీటింగ్‌లో వాడతాను." ఆగి, నా కళ్ళలోకి చూసి, హామీ ఇస్తున్నట్టు చెప్పారు: "మన పేరు లేకుండా."

ఒక మనిషిని తిట్టడానికైనా అతను కొంత అర్థం చేసుకుంటాడనే ఆశ ఉండాలి. ఆయన పడుకున్నారు. వెంటనే నిద్ర పట్టింది ఆయనకి. నేను మాత్రం కొత్త సీసాని అలమరాలో కాకుండా భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన, లేబుల్ బయటికి కనబడేలా పెట్టి ఇది రాయడానికి కూర్చున్నాను. ఈ ఇంట్లో తెల్లారేలోపు ఎవరైనా దాన్ని నానబెడతారేమోనని కాపలా కూడా.

ఎవరూ నానబెట్టలేదు. తెల్లారింది. మిగిలింది పిల్లలు బడికి వెళ్ళాక రాస్తున్నాను.

జడ వేస్తూ అమ్మాయిని ముందు కూర్చోబెట్టుకున్నాను, అబ్బాయి షూ తొడుక్కుంటూ పక్కనే ఉన్నాడు. అత్తగారు కూర తరుగుతున్నారు, వినబడేంత దూరంలో.

"తమ్ముడు తాగేది బలం సిరప్పు కాదు" అన్నాను. "వాడికి ఫిట్స్ వస్తాయి. తలలో కరెంటు ఒక్కోసారి తప్పుదారి పడుతుంది. అప్పుడు పడిపోయి కొట్టుకుంటాడు. ఇది అలా కాకుండా ఆపే మందు. పేరు ఇదిగో, చదువు."

అమ్మాయి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. కత్తిపీట చప్పుడు ఆగింది.

"వాడు నీ ముందు పడిపోతే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టనియ్యకు. చెంచా వద్దు, తాళాలు వద్దు, ఎవరేం చెప్పినా వద్దు. గట్టిగా పట్టుకోకు. పెద్దవాళ్ళని పిలువు. ఈ రోజు మీ ఇద్దరి టీచర్లకీ నేనే వచ్చి చెబుతాను."

"నాకొస్తాయా అవి?" అని అబ్బాయి అడిగాడు, ఏదో బహుమతి గురించి అడిగినట్టు.

"నీకే వస్తాయి. నువ్వు చేసిన తప్పేమీ లేదు అందులో."

"నిన్న మందు ఎవరిచ్చారమ్మా?" అంది అమ్మాయి. "కరివేపాకు అమ్మమ్మా? తరవాత వచ్చిన టీచరమ్మా?"

"అది వాళ్ళింటి మాట. చెప్పాలనుకుంటే వాళ్ళు చెబుతారు, నువ్వు అడక్కు" అన్నాను. "మనింటి మాట మాత్రం ఎవరడిగినా చెప్పు. మందు పేరుతో సహా చెప్పు."

"నాన్నమ్మ తిడితే?"

నేను వంటింటి వైపు చూడలేదు. రిబ్బను ముడి గట్టిగా బిగించి చెప్పాను:

"తిడితే తిట్టనీ. నువ్వు చెప్పు."